గారపళ్ళ అలంకారశాస్త్రం

విజ్ఞానశాస్త్రానికి అలంకారాలతో పని లేదని మనలో చాలామందికి ఒక నమ్మకం వుంది. ఉపమలూ రూపకాలూ కవుల సొత్తు. శాస్త్రజ్ఞుడు వున్నది వున్నట్టు చెప్తాడు. కవి ముఖాన్ని చంద్రుడితో పోలుస్తాడు, శాస్త్రజ్ఞుడు చంద్రుడి బరువు లెక్కకడతాడు. ఈ నమ్మకంతోనే సైన్సు విద్యార్థులు తెలుగు క్లాసులో నిద్రపోతారు. ఈ నమ్మకంతోనే తెలుగు విద్యార్థులు సైన్సు పుస్తకాన్ని చూసి భయపడతారు.

నిజానికి శాస్త్రజ్ఞుడికి కూడా ముందు పోలిక కావాలి. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్ఖో శరీరాన్ని జీవకణాల రాజ్యంగా ఊహించాడు. అందులో ప్రతి కణమూ ఒక పౌరుడు. ఈ ఊహ చేసినవాడు 1848లో బెర్లిన్ వీధుల్లో తిరుగుబాటుదార్ల పక్షాన నిలబడ్డవాడు కావటం కాకతాళీయమని నేననుకోను. రాజకీయాల్లో తాను కోరిన వ్యవస్థనే అతను శరీరంలోనూ చూశాడు. 1935లో లుడ్విక్ ఫ్లెక్ అనే వైద్యుడు సవాయి రోగం చరిత్ర రాస్తూ ఇంకొక చిత్రమైన సంగతి చూపించాడు. ఆ రోగం "చెడ్డ రక్తం" వల్ల వస్తుందనే మాట శతాబ్దాలుగా జనంలో వుంది. ఆ పాతమాటే శాస్త్రజ్ఞులను రక్తంలో వెతకమని తరుముతూ వచ్చింది, చివరకు 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష పుట్టింది. మూఢనమ్మకం వంటి ఒక పోలిక ప్రయోగశాలకు దారి చూపించిందన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శాస్త్రంలో పోలికలున్నాయి గనుక శాస్త్రమంతా మాటల గారడీ అని తేల్చే పెద్దమనుషులు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను వాళ్ళ పక్షం కాదు. ఏ పేరుతో పిలిచినా, అసలు పేరే పెట్టకపోయినా, నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలో చేరుతుంది. ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని అది ఆక్రమిస్తుంది, ఎముకను బరువెక్కిస్తుంది, కీళ్ళను కట్టివుంచే స్నాయువుల్ని సున్నంలా గట్టిపరుస్తుంది. పదార్థం మాటకోసం ఆగదు. కాని ఆ పదార్థాన్ని మనం ఎక్కడ వెతుకుతాం, ఎవరి శరీరంలో కొలుస్తాం, ఎవర్ని జవాబుదారుగా నిలబెడతాం అన్నవి మాత్రం మనం వాడే పోలికను బట్టి వుంటాయి. ఈ సంగతి చెప్పటానికి జర్మనీదాకా పోనక్కరలేదు. మార్కాపురం, కనిగిరి, పొదిలి ప్రాంతాల నీళ్ళు చాలు.

మన మాటతోనే మొదలుపెడదాం. ఈ ప్రాంతంలో పళ్ళమీద గోధుమరంగు చారలుంటే "గారపళ్ళు" అంటారు. గార అంటే గోడకు పూసే సున్నపు పూత. పళ్ళమీద పేరుకునే పాచికి కూడా అదే పేరు. అంటే ఈ మాటలోనే ఒక సిద్ధాంతం దాగివుంది: పళ్ళమీది రంగు బయటినుంచి పట్టింది, పట్టినవాడు తోముకోలేదు, తోముకుంటే పోతుంది. ఈ సిద్ధాంతం ప్రకారమే పిల్లలు ఇటుకపొడితో, ఉప్పుతో, కచ్చికతో పళ్ళు రుద్దుకున్నారు. చిగుళ్ళు చెడ్డాయి గాని చారలు పోలేదు. ఎందుకు పోతాయి? పన్ను చిగురులోంచి బయటికి రాకముందే, ఎనామిల్ తయారవుతున్న రోజుల్లోనే ఆ మచ్చ లోపల పడింది. పుట్టినప్పటినుంచి సుమారు ఎనిమిదేళ్ళ వయసుదాకా తాగిన నీళ్ళ చరిత్ర అది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకుంటుంటే, మూడేళ్ళప్పుడు తల్లి పట్టిన నీళ్ళకు ఆమె ఇప్పుడు సిగ్గుపడుతున్నదన్నమాట. పెళ్ళిచూపుల్లో పళ్ళను చూసి వూరు చెప్పేస్తారు. వూరు తెలిస్తే సంబంధం తప్పిపోవటమూ కద్దు. ఇంత నష్టం చేసిన మాట అది, చూడటానికి మాత్రం ఎంత అమాయకంగా వుందో!

ఇది మన అజ్ఞానం మాత్రమే అనుకోనక్కరలేదు. అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ళడాక్టరు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే వూరికి వచ్చేసరికి అక్కడివాళ్ళ పళ్ళమీద ఇవే చారలున్నాయి. వాళ్ళు దానికి "కొలరాడో గోధుమ మరక" అని పేరు పెట్టుకున్నారు. పందిమాంసం ఎక్కువ తినటంవల్లనని కొందరు, నాసిరకం పాలవల్లనని కొందరు అన్నారు. మరక అన్నంతకాలం మరకగానే చూశారు. చివరికి 1931లో నీటిలో ఫ్లోరైడ్ వున్నదని కనిపెట్టినవాడు చర్చిల్ అనే రసాయనికుడు. ఆయన ఉద్యోగం అల్యూమినియం కంపెనీలో. నెపం తమ అల్యూమినియం మీదికి రాకుండా చూసుకోవాలన్న ఆదుర్దా ఆ పరిశోధన వెనక వున్నది. సత్యం కొన్నిసార్లు ఇలాంటి వాకిళ్ళగుండా కూడా వస్తుంది. వచ్చినందుకు సంతోషించవలసిందే, వాకిలి ఎవరిదో మాత్రం మరిచిపోరాదు.

ఇక మన కథ. ఈ జబ్బును మన దేశంలో మనుషుల్లో మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించింది ఇక్కడే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్ట్, మరి ముగ్గురు — మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బార్నార్డ్, మన్నాడి నాయర్ — ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆ రోగులు నెల్లూరు జిల్లా మెట్టతాలూకాల వాళ్ళు, అంటే దర్శి, పొదిలి, కనిగిరి వైపువాళ్ళు. ఈ షార్టే తరవాత 1948లో మలేరియా సూక్ష్మజీవి కాలేయంలో దాక్కునే దశను గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టి ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. పొదిలి పేరుతో ఆయన్ను ఎవరూ తలుచుకోరు.

అయితే డాక్టర్లకంటె ముందు ఈ జబ్బును చూసినవాళ్ళు రైతులు. చూసింది మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. కొత్తగా కొని తెచ్చిన ఎద్దు కొన్నాళ్ళకే కాళ్ళు బిగుసుకుపోయి అరక లాగలేకపోయేది. ఇది ఈ జబ్బు చరిత్ర రాసిన వాళ్ళందరూ చెప్పే సంగతే. వాళ్ళు దాన్ని ఒక వింతగా చెప్పి ముందుకు పోతారు. నాకు మాత్రం అది వింతగా కనిపించదు. ఎద్దు రైతు పెట్టుబడి. అది నడవలేకపోతే ఆ ఏడు దుక్కి లేదు. కాబట్టి ఎద్దు నడకను రైతు చూసినంత శ్రద్ధగా రైతు నడకను ఎవరూ చూడలేదు. తన నడుము పట్టుకుపోతే అతను వయసు అనుకున్నాడు, వాతం అనుకున్నాడు. ఎద్దు విషయంలో అలా అనుకోవటానికి వీల్లేదు, దాని వయసు అతనికి తెలుసు. బయటినుంచి తెచ్చిన ఎద్దు, స్థానికమైన ఎద్దు, ఈ బావి నీళ్ళు, ఆ బావి నీళ్ళు అనే భేదాలు పరిశీలించినవాడు పరిశోధకుడు కాక మరెవడు? పత్రికలో అతని పేరు లేదు.

డాక్టర్లు ఆ వంగని వెన్నుకు ఒక పోలిక తెచ్చారు. ఇంగ్లీషు వైద్యగ్రంథాల్లో దాన్ని "పోకర్ బ్యాక్" అంటారు. పోకర్ అంటే చలిదేశాల ఇళ్ళలో నిప్పుగూటిలో బొగ్గులు కెలికే ఇనుపచువ్వ. వేసవిలో పొద్దున తొమ్మిదింటికే రాళ్ళు కాలే ఈ దేశంలో ఒక కూలివాడి వెన్నెముకకు చలిదేశపు నిప్పుగూటి సామాను పేరు వచ్చింది! పోలిక చక్కగా కుదిరింది, కాదనను. వెన్నుపూసలన్నీ ఒకే కడ్డీగా అతుక్కుపోయిన స్థితిని ఒక్కమాటలో చూపిస్తుంది. కాని ఆ మాట చూపించేది కడపటి దశను మాత్రమే. చువ్వ అయిపోయిన తరవాత ఇక చేసేదేమీ లేదు, వైద్యం కూడా లేదు. దానికి ముందు పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ వుంటాయి. పొద్దున లేస్తే మెడ తిరగదు, నేలమీద కూచుంటే లేవటం కష్టం, చేతులు పైకెత్తి బిందె దించుకోలేరు. ఈ దశలకు మన జనం వాడే మాటలు చాలా వున్నాయి: పట్టుకుపోవటం, బిగుసుకుపోవటం, కొయ్యబారటం. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక దశ. ఇవి ఏ వైద్యగ్రంథంలోకీ ఎక్కలేదు. పోకర్ ఎక్కింది.

ఇంతకంటె పెద్ద పని చేసిన మాట ఇంకొకటి వుంది. దాన్ని చూడటానికి మనం డెన్మార్కు వెళ్ళాలి. సరిగ్గా అదే 1937లో కోపెన్‌హాగెన్‌లో కాయ్ రోహోమ్ అనే వైద్యుడు ఫ్లోరిన్ విషప్రభావం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అక్కడ క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే ఫ్యాక్టరీ వుండేది. ఆ దుమ్ము పీల్చిన 68 మంది కార్మికుల్ని ఆయన పరీక్షించాడు. ఎక్స్‌రేలో అవే తెల్లని ఎముకలు, అవే బిగుసుకుపోయిన వెన్నులు. పొదిలి రైతుకూ కోపెన్‌హాగెన్ కార్మికుడికీ వచ్చింది ఒకే జబ్బు. కాని కోపెన్‌హాగెన్‌లో దాని పేరు వృత్తిరోగం. వృత్తిరోగం అనగానే ఒక ఫ్యాక్టరీ, ఒక యజమాని, ఒక చట్టం, ఒక నష్టపరిహారం ఆ మాట వెంట నడిచివస్తాయి. మద్రాసు రాజధానిలో దాని పేరు "ఎండెమిక్" వ్యాధి. మనం దాన్ని స్థానికవ్యాధి అని తెలుగుచేసుకున్నాం. గ్రీకుమూలంలో ఆ మాటకు అర్థం "ప్రజల మధ్యనున్నది" అని. మన అనువాదంలో ప్రజలు మాయమై స్థలం మిగిలింది. స్థలానికి యజమాని వుండడు. రాయి తప్పు, నేల తప్పు, ఆ వూళ్ళో పుట్టటం తప్పు. మద్రాసులో కూచుని శిస్తు వసూలు చేసిన ప్రభుత్వం ఆ తప్పుల పట్టికలో ఎక్కడా లేదు.

విర్ఖో సంగతి మళ్ళీ చెప్పాలి. 1848లోనే అతన్ని ప్రష్యన్ ప్రభుత్వం అప్పర్ సైలీషియా అనే వెనకబడిన ప్రాంతానికి టైఫస్ జ్వరం విచారణకు పంపింది. అతను మందుల జాబితా ఇవ్వలేదు. చదువూ రోడ్లూ స్వపరిపాలనా కావాలని నివేదిక రాశాడు. స్థానికవ్యాధిని స్థానికంగా వదిలిపెట్టనివాడు అతను. షార్టు బృందాన్ని దీనికోసం నిందించటం నా ఉద్దేశం కాదు. వాళ్ళు తమ పని తాము చేశారు, ఫ్లోరైడ్‌ను పట్టుకున్నారు. 1940లో పండిట్, రాఘవాచారి మొదలైనవారు మరొక అడుగు వేసి, ఒకేరకం నీళ్ళు తాగేవాళ్ళలో కూడా జబ్బు తీవ్రత ఎందుకు వేరువేరుగా వుంటున్నదని పరిశీలించారు. పోషణ సరిగా లేనివాళ్ళకు, ముఖ్యంగా విటమిన్ సి చాలనివాళ్ళకు దెబ్బ ఎక్కువ తగులుతున్నదని గుర్తించారు. ఎంత విలువైన మాట! నీళ్ళు అందరివీ ఒకటే కావచ్చు, కంచాలు ఒకటి కావు. పాలూ పళ్ళూ ఆకుకూరలూ తినగలిగిన ఇంటికీ, సంకటీ పచ్చిమిరపకాయతో పొద్దు గడిపే ఇంటికీ ఒకే బావి రెండురకాలుగా పనిచేస్తుంది. వర్గం అన్నది ఎముకలోకి ఎలా దిగుతుందో ఇంత స్పష్టంగా చూపించే పరిశోధన అరుదు. కాని తరవాత ఎనభై ఏళ్ళ ప్రచారంలో కంచం మాట వినపడలేదు. నీళ్ళ మాటే మిగిలింది. "నీళ్ళలో విషం" అన్న చిత్రం కంటికి కడుతుంది, "కంచంలో లోటు" కంటికి కట్టదు. లేనిదాన్ని బొమ్మ గియ్యటం కష్టం.

పేర్లకు కూడా ఒక విధి వుంటుంది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చి, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. తరవాత కూడా గీతలు మారుతూనే వచ్చాయి. కాని వైద్యవాఙ్మయంలో గీత 1937 దగ్గరే ఆగిపోయింది. ఇప్పటికీ ఏ దేశంలో పాఠ్యగ్రంథం తెరిచినా ఇండియాలో ఫ్లోరోసిస్ మొదట కనపడింది "నెల్లూరులో" అనే వుంటుంది. పొదిలి కుర్రవాడు ఆ వాక్యం చదివితే అది తన తాతల కథ అని గుర్తుపట్టడు. కేంద్రప్రభుత్వం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు వున్నది. ఆ ఎంపికకు పాత పేరే కారణమని నేననను. ఉదయగిరి వైపు జబ్బు వున్నమాట నిజమే. ఐనా జిల్లా గీతకు ఇవతలనున్న పాత రోగులు ఆ మొదటి జాబితాను ఎలా చదువుకోవాలి?

ఇంతలో నల్గొండ వచ్చింది. 1955లో సిద్దిఖీ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశాడు. అదే సంవత్సరం డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ రోజుల్లో ఆనకట్టలను ఆధునిక దేవాలయాలతో పోల్చటం మామూలు. దేవాలయం దగ్గర చెప్పులు వదిలినట్టే ప్రశ్నలు కూడా వదిలి లోపలికి పోవాలి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త వికృతిని వర్ణించారు. పడుచువాళ్ళ మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ లోపలికి వంగిపోతున్నాయి. ఆ తరవాతి పరిశోధనలు డ్యాం ఊటవల్ల భూగర్భజలమట్టం పెరిగి నేలలోనూ జొన్నలోనూ మాలిబ్డినం వంటి లోహాల పాళ్ళు మారటంతో దీన్ని ముడిపెట్టాయి. ఈ వివరణలో ప్రతి అక్షరమూ తిరుగులేనిదని కాదు. కాని దేవాలయం అనే పోలిక వున్నంతకాలం ఆ ప్రశ్న వెయ్యటమే కష్టమయింది. డ్యాములు వద్దనేవాళ్ళలో నేను లేను. సాగర్ కుడికాలువ చేరిన దర్శి పొలాలు చూసినవాడెవడూ ఆ మాట అనడు. గుడికి పూజారి వుంటాడు, డ్యాముకు ఇంజనీరు వుండాలి అంటున్నాను, అంతే.

తరవాత నాగపూరులోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి "నల్గొండ పద్ధతి" అని పేరు పెట్టింది. ఆఫ్రికాలో కూడా ఆ పేరే చెల్లింది. దానితో ఫ్లోరోసిస్ అంటే నల్గొండ, నల్గొండ అంటే ఫ్లోరోసిస్ అయిపోయింది. అలంకారశాస్త్రంలో లక్షణకు పండితులు చెప్పే ఉదాహరణ "గంగలో గొల్లపల్లె". పల్లె గంగలో వుండదు, ఒడ్డున వుంటుంది. అయినా అలా అనటంచేత గంగ చల్లదనమూ పావనత్వమూ పల్లెకు అంటుకుంటాయి. "ఫ్లోరైడ్ గ్రామం" అన్న మాట చేసేది ఇదే పని. ఫ్లోరైడ్ వున్నది నీటిలో, అంటుకున్నది ఊరికి. ఊరినుంచి మనుషులకు, మనుషుల్లో ముందుగా ఆడపిల్లలకు. పత్రికల్లో వచ్చే ఫోటోలు ఈ పనిని పూర్తిచేస్తాయి. ఎప్పుడూ ఒకటే ఫోటో: వంకరపోయిన కాళ్ళు, కర్ర, వెనక మట్టిగోడ. చూసినవాళ్ళకు జాలి కలుగుతుంది. ఫోటోలో బోరు వుండదు, చౌకడిపో వుండదు, అర్జీల కట్ట వుండదు.

ఆ జిల్లావాళ్ళు ఈ బొమ్మకు బదులు తమ సొంత బొమ్మ ఒకటి తయారుచేసి చూపించారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. జలసాధన సమితి తరఫున ఫ్లోరైడ్ బాధితులు వందలకొద్దీ నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైపోయింది. ఎన్నికల సంఘం పోలింగు వాయిదా వెయ్యవలసి వచ్చింది. ఫోటోలో జాలిగా కూచున్నవాడు అభ్యర్థుల జాబితాలో పేరై నిలబడ్డాడు. అలంకారాలు పాలకుల చేతిలోనే వుంటాయని ఎవరన్నారు?

మన తెలుగు పత్రికల భాష ఇంకొక దారి. "ఫ్లోరైడ్ భూతం", "ఫ్లోరైడ్ రక్కసి", "ఫ్లోరైడ్ మహమ్మారి". ఈ మూడు మాటలూ లేకుండా పాతికేళ్ళలో ఒక్క వార్త కూడా రాలేదేమో! మహమ్మారి అంటే ఒకరినుంచి ఒకరికి అంటుకుని వూళ్ళు తుడిచిపెట్టేది. ఫ్లోరోసిస్ అంటదు. గారపళ్ళ పిల్ల పక్కన కూచోవటానికి జంకే పిల్లలకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? మహమ్మారి అని అచ్చువేసిన పత్రిక చెప్పదు. ఇక భూతం. భూతానికి అడ్రసు వుండదు, బడ్జెటు వుండదు. భూతాన్ని ఎవరూ నిర్లక్ష్యం చెయ్యరు, అది తానే వచ్చి పడుతుంది. భూతం వున్నచోట భూతవైద్యుడు వుంటాడు, వోట్లముందు వచ్చి దాన్ని "తరిమికొడతా"నని వెళ్తాడు. మశూచిని అమ్మవారని మొక్కిన పూర్వుల్ని చూసి మనం నవ్వుతాం. వాళ్ళకు టీకా లేదు. ఒక లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో తెలిసిన మనం రక్కసి అంటున్నాం. భూతం అన్నీ తనలో కలుపుకుంటుంది కూడా. కనిగిరి వైపు మూత్రపిండాల జబ్బు వార్తలు వస్తే వెంటనే "ఫ్లోరైడ్ కాటు" అని శీర్షిక పెడతారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణం ఏళ్ళ తరబడి పరిశోధించినా తేలలేదు. మన దగ్గర శీర్షికలోనే తేలిపోతుంది, ఇక పరిశోధన ఎందుకు?

సూసన్ సాంటాగ్ 1978లో, జబ్బుకు అంటుకున్న రూపకాలన్నిటినీ కడిగెయ్యాలని వాదించింది. ఆమె కోపం న్యాయమైనదే. కాని రూపకం లేకుండా చూడటం మనిషికి సాధ్యం కాదు. అంకెల్లో కూడా రూపకం దాక్కుంటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి పట్టిక తియ్యండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీటివనరు లేనిచోట 1.5 దాకా అనుమతించవచ్చు. 1991 ప్రతిలో ఆ ఒకటిని "కోరదగిన హద్దు" అన్నారు. 2012లో అదే "అంగీకరించదగిన హద్దు" అయింది. కోరుకునేవాడు పౌరుడు, అంగీకరించేవాడు ఎవడు? "వేరే నీటివనరు లేనిచోట" అన్న మాట చూడండి. వనరు లేకపోతే ఎముక ఎక్కువ విషాన్ని ఓర్చుకుంటుందా? రసాయనశాస్త్రంలో ఈ సూత్రం లేదు. అది దరిద్రానికి ఇచ్చిన మినహాయింపు, అంకె వేషం వేసుకున్నది.

ఆ అంకె వెనక ఒక ఊహామానవుడు కూడా వున్నాడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల్లో పెద్దమనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడు. ఎండ ఎక్కువున్నచోట నీళ్ళెక్కువ తాగుతారు గనుక హద్దు తగ్గాలని 1957లోనే గలగాన్, వెర్మిలియన్ అనేవాళ్ళు అమెరికాలో ఉష్ణోగ్రతను బట్టి సూత్రం కట్టారు. ప్రపంచ సంస్థ కూడా వాతావరణాన్నీ నీటి వాడకాన్నీ చూసుకోమని దేశాలకు చెప్పింది. ఇప్పుడు మార్కాపురం పలకల గనిలో మే నెలలో రాయి కొట్టే మనిషిని తలుచుకోండి. మనలో ఒక తరంవాళ్ళు అక్షరాలు దిద్దుకున్న పలకలు అవి. అతను ఐదు లీటర్లు తాగితే, 1.5 ఉన్న "అనుమతించిన" నీటినుంచే 7.5 మిల్లీగ్రాములు శరీరంలోకి పోతాయి. నీడలో రెండు లీటర్లు తాగే ఆఫీసరుకు అదే నీటినుంచి 3. నీరు ఒక్కటే, అంకె ఒక్కటే. శరీరం చేసే పని వేరు. ట్రెండ్లీ డీన్ అనే అమెరికన్ అధికారి పళ్ళ చారలను "సందేహాస్పదం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం" అని తరగతులు చేశాడు. "స్వల్పం" ఎవరి దృష్టిలో? పెళ్ళి తప్పిపోయిన పిల్ల దృష్టిలో కాదు. ఈ డీన్ పరిశీలనల్లోంచే తక్కువ మోతాదులో ఫ్లోరైడ్ పళ్ళకు మంచిదన్న సంగతి తేలింది, 1945లో గ్రాండ్ రాపిడ్స్ అనే వూళ్ళో నీటిలో కలపటం మొదలుపెట్టారు, తరవాత టూత్‌పేస్టుల్లోకి వచ్చింది. ఆ సంగతీ నిజమే. అందుకే గిద్దలూరు కొట్లో పేస్టు డబ్బామీద ఫ్లోరైడ్ వరం, బజారుచివర బోరుమీద ఫ్లోరైడ్ శాపం. మోతాదు అన్న ఒక్కమాట రెండుచోట్లా కనపడదు.

నీళ్ళు ఇచ్చే పథకాల పేర్లలోనూ కవిత్వం వుంది. 1937లో వాళ్ళు పరీక్షించినవి తవ్వుడు బావుల నీళ్ళు. తరవాత బోర్లు వచ్చి వందల అడుగుల లోతుకు రాతిలోకి దిగాయి, జబ్బు కూడా కొత్త వూళ్ళకు పాకింది. చెరువునీటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. విజయనగరరాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డం కట్టిన కంభం చెరువు పక్కనే వుంది. 2020లో దానికి అంతర్జాతీయ వారసత్వ గుర్తింపు వచ్చింది. వారసత్వం అన్నాక పటం కట్టి గోడకు తగిలిస్తే సరిపోతుంది గదా. 2014లో ప్రభుత్వం రెండు రూపాయలకు ఇరవై లీటర్ల శుద్ధజలం ఇస్తామని పథకం పెట్టింది. దాని పేరు సుజల స్రవంతి. స్రవంతి అంటే నది. ప్లాస్టిక్ క్యానులో నది! ఆ యంత్రం వడకట్టి వదిలే ఉప్పు నీళ్ళు మళ్ళీ ఆ వూరి నేలలోకే పోతాయి. అసలు నదిని తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. మార్కాపురం ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. శ్రీశైలం జలాశయంనుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్లు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. నిర్వాసితుల పునరావాసం అప్పటికింకా మిగిలివుంది, నీళ్ళు రాలేదు. కావ్యానికి కృతిభర్త వుంటే చాలు, పాఠకుడు లేకపోయినా ఫరవాలేదనే సంప్రదాయం మనకు పాతదే.

మా క్లాసులో ఒకసారి మా ప్రాంతపు నీటిసమస్య మీద వ్యాసం రాయమన్నాను. నలభై కాగితాల్లో భూతం, రక్కసి, మహమ్మారి. తప్పు పిల్లలది కాదు, వాళ్ళకు మంచి తెలుగు అంటే అదేనని నేర్పినవాళ్ళం మేమే. ఒక్క అమ్మాయి మాత్రం ఏ అలంకారమూ లేకుండా రాసింది. క్యాను నీళ్ళు తనూ తమ్ముడూ తాగుతారట. నాన్న చేనికి బోరునీళ్ళ సీసా పట్టుకుపోతాడు. అమ్మ క్యాను నీళ్ళు తాగదు, తొందరగా అయిపోతాయని. అన్నం, పప్పు బోరునీళ్ళతోనే వండుతారు. నానమ్మ మెడ తిప్పలేదు, పిలిస్తే మనిషంతా తిరుగుతుంది. చివర వాళ్ళ గేదె కాళ్ళు బిగుసుకుపోయి లేవలేకపోతోందని రాసింది. ఆ వాక్యం కింద గీత గీసి, గేదె ఏ నీళ్ళు తాగుతుందని మార్జినులో అడిగాను. మర్నాడు కాగితం వెనకవైపు జవాబు రాసి తెచ్చింది: బోరునీళ్ళే సార్, అంతకుముందు గేదె కూడా అంతే.